ఆంత్రోపాలజీ ఆప్షనల్ తెలుగులో: 22 వారాల పని డైరీ

సివిల్స్ మెయిన్స్‌కి ఆప్షనల్‌గా, అంటే మనమే ఎంచుకునే సబ్జెక్టుగా, ఆంత్రోపాలజీ (మానవశాస్త్రం) ఎందుకు తీసుకున్నానో ఇక్కడ రాయడం లేదు. తెలుగు మాధ్యమంలో ఈ సబ్జెక్టు రాయాలనుకునే వాళ్లకి నా వారాలు ఎక్కడ పోయాయో, దేన్ని కొలిచానో, ఏం మార్చానో తెలిస్తే చాలు. పనికొచ్చింది తీసుకోండి, నా తప్పులు మళ్లీ చేయకండి.

ముందు పరీక్ష లెక్క. రెండు పేపర్లు, ఒక్కోటి 250 మార్కులు, మూడు గంటలు. ఎనిమిది ప్రశ్నల్లో ఐదు రాయాలి. ఒకటి, ఐదు తప్పనిసరి, ఒక్కోదాంట్లో ఐదేసి పది మార్కుల బిట్లు. మిగిలిన మూడు మనం ఎంచుకోవచ్చు కానీ ప్రతి సెక్షన్ నుంచీ కనీసం ఒకటి ఉండాలి. వీటిలో ఒక్కోటీ మామూలుగా 20, 15, 15 మార్కుల భాగాలుగా విడిపోతుంది. అంటే 180 నిమిషాల్లో 19 జవాబులు, మార్కుకి 43 సెకన్లు. నేను 42 అని పెట్టుకున్నాను. పది మార్కులకి 7 నిమిషాలు, పదిహేనుకి పదిన్నర, ఇరవైకి 14. ఐదు నిమిషాలు ప్రశ్నపత్రం చదవడానికి మిగులుతాయి.

ఈ లెక్క నేను మొదటి రోజే వేసుకోవాల్సింది. ఆరో వారంలో వేశాను.

దశ 1 (వారాలు 1–5): నోట్సు

రోజుకి నాలుగు గంటల చొప్పున చదివి నోట్సు రాశాను. 212 పేజీలు అయ్యాయి. 36వ రోజు పాత ప్రశ్నపత్రంలో మొదటి ప్రశ్న తీసి, నోట్సు మూసి, టైమర్ పెట్టి రాశాను. ఐదు బిట్లకి పట్టిన నిమిషాలు: 12, 15, 17, 13, 14. మొత్తం 71. ఉండాల్సింది 35.

జవాబుల్ని మరునాడు ఎర్రపెన్నుతో చదివాను. ఐదింటిలో నాలుగు నిర్వచనంతోనే మొదలయ్యాయి, అసలు అడిగింది మూడో పేరాలో గానీ రాలేదు. కారణం నోట్సులోనే ఉంది. 212 పేజీల్లో దాదాపు 140 ఇంగ్లీషు పాఠ్యపుస్తకాలకి నేను చేసుకున్న అనువాదమే. ఐదు వారాలూ నేను అనువాదం చేశాను, చదవలేదు.

మార్చింది:

1. నోట్సు అక్కడితో ఆపేశాను. ఆ తర్వాత ఒక్క పేజీ కూడా చేర్చలేదు.
2. సిలబస్ ప్రింటు తీసి, ఒక్కో అంశాన్నీ కత్తిరించి విడివిడి కార్డుల మీద అతికించాను. మొదటి పేపరులో 12 యూనిట్లు, రెండో పేపరులో 9.
3. ఆ అంశం మీద పాత పేపర్లలో వచ్చిన ప్రశ్నల్ని కార్డు వెనక రాశాను.
4. చదవడం కార్డు వెనక నుంచి మొదలుపెట్టాను. ముందు ప్రశ్న, తర్వాత పుస్తకం.

ఇప్పటికి: 140 గంటలు, 212 పేజీల నోట్సు, 5 జవాబులు.

దశ 2 (వారాలు 6–8): చేతి వేగం, మాటల జాబితా

పనిముట్లు: టైమర్, గీతల్లేని ఎ4 కాగితాలు, స్కేలు, ఒకే రకం పెన్నులు పది.

ముందు వేగం కొలిచాను. ఎదురుగా పెట్టుకుని చూసి రాస్తే నిమిషానికి 14 తెలుగు మాటలు. ఆలోచించి రాస్తే 9. ఇక 150 పదాల పరిమితి. అది ఇంగ్లీషుకి సరిపోయే కొలత. "చేసుకోలేకపోయినందువల్ల" అన్నది మనకి ఒక్క మాటే. 150 పదాల ఇంగ్లీషు జవాబులు మూడింటిని తెలుగులోకి మార్చి లెక్కపెడితే 96, 104, 99 వచ్చాయి. దాదాపు వంద. ఏడు నిమిషాల్లో వంద మాటలంటే నిమిషానికి 14, అంటే నేను చూసి రాసే వేగం. ఆలోచనకి ఒక్క సెకను కూడా మిగలదు.

అందుకే పది మార్కుల జవాబుని 80 మాటలు, ఒక బొమ్మ అని నిర్ణయించుకున్నాను. మొదటి వాక్యంలోనే అడిగినదానికి సూటిగా జవాబు. నిర్వచనం అడిగితేనే నిర్వచనం.

రెండో అడ్డంకి పారిభాషిక పదాలు. ప్రశ్నపత్రం ఇంగ్లీషులో, హిందీలో మాత్రమే ఉంటుంది. జవాబు తెలుగులో రాయాలి. మిగతా పేపర్లు తెలుగులో రాస్తూ ఆప్షనల్ మాత్రం ఇంగ్లీషులో రాసుకునే వీలు నిబంధనల్లో ఉంది. ఒక వారం ఆ దారీ ప్రయత్నించాను. వేగం పెరిగింది కానీ వాదన పలచబడింది. నేను ఆలోచించేది తెలుగులో, అందుకే వెనక్కి వచ్చాను.

మాట ఎంచుకోవడానికి పెట్టుకున్న వరస ఇది. జనం వాడే మాట ఉంటే అదే: మేనరికం, ఇల్లరికం, ఓలి. లేకపోతే పుస్తకాల్లో స్థిరపడ్డ మాట: అంతర్వివాహం, బహిర్వివాహం, మాతృవంశం. అదీ లేకపోతే ఇంగ్లీషు మాటనే తెలుగు లిపిలో రాయడం. ఒకసారి నిర్ణయించాక మార్చకూడదు. జాబితా 180 మాటల దగ్గర ఆగింది.

ఇందులో నన్ను బాగా దెబ్బతీసిన మాట "జాతి". ఒక జవాబులో రేస్‌కీ, తెగకీ, నేషన్‌కీ మూడింటికీ "జాతి" అనే రాశాను. వారం తర్వాత చదివితే నాకే అర్థం కాలేదు. ఇప్పుడు రేస్ అంటే రేసే, ట్రైబ్ అంటే తెగ. "జాతి" అన్న మాటని ఒంటరిగా వాడను. "షెడ్యూల్డ్ తెగలు" అన్నది రాజ్యాంగపు మాట, "ఆదివాసీ" అన్నది ఆ ప్రజలు తమని తాము చెప్పుకునే మాట. ఒకదాని బదులు ఇంకొకటి వేస్తే వాదనే మారిపోతుంది.

సాంకేతిక పదం పక్కన బ్రాకెట్లో దాని ఇంగ్లీషు రూపం రాయడానికి పరీక్ష ఒప్పుకుంటుంది. మొదట్లో ప్రతి మాటకీ రాశాను. ఒక పేపరుకి సరిపడా జవాబుల్లో లెక్కపెడితే 61 బ్రాకెట్లు. ఒక్కోదానికి నాలుగు సెకన్లు వేసుకున్నా నాలుగు నిమిషాలు, అంటే సగం జవాబు పోయినట్టే. ఇప్పుడు మొదటిసారి వచ్చినప్పుడు, అదీ తికమకపడే మాటకే రాస్తున్నాను.

ఇప్పటికి: 206 గంటలు, 47 జవాబులు. పది మార్కుల జవాబుకి సగటున తొమ్మిదిన్నర నిమిషాలు.

దశ 3 (వారాలు 9–10): బంధుత్వం

తెలుగువాళ్లకి తేలిక అని అందరూ చెప్పే అంశం ఇదే. నాకు ఎక్కువ మార్కులు పోయిందీ ఇక్కడే.

ముందు బొమ్మ. త్రిభుజం మగ, వృత్తం ఆడ, సమాన గుర్తు పెళ్లి, నిలువు గీత సంతానం, అడ్డ గీత తోబుట్టువులు. మొదటి బొమ్మకి 6 నిమిషాల 10 సెకన్లు పట్టింది. కాగితం చివర చోటు చాలక మేనత్త పిల్లల్ని మార్జిన్‌లోకి తోశాను. సరిచేసిన పద్ధతి:

1. ముందు తోబుట్టువుల అడ్డ గీతలు రెండు, నాన్న వైపు ఒకటి, అమ్మ వైపు ఒకటి.
2. వాటి మధ్య అమ్మానాన్నల పెళ్లి గుర్తు, దాని కింద "నేను".
3. మేనత్త, మేనమామ పిల్లలకి మాత్రమే లోపల గీతలు నింపడం. మిగతావి ఖాళీ.
4. మూడు తరాలకి మించి వేయకూడదు.

అరవై బొమ్మలు వేశాక 1 నిమిషం 40 సెకన్లకి దిగింది.

ఇక అసలు తప్పు. ఇరకోయ్ (ఉత్తర అమెరికా ఆదివాసులు) బంధుత్వ పద్ధతి మీద ప్రశ్న. మన వరసలే రాశాను. పెదనాన్న, చిన్నాన్న, పెద్దమ్మ, పిన్ని పిల్లలు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు. మేనమామ, మేనత్త పిల్లలు బావలు, వదినలు, మరదళ్లు. రెండూ ఒకటే పద్ధతి అని ముగించాను. అమెరికా మానవశాస్త్రవేత్త మోర్గన్ 1871లోనే ఇరకోయ్ వాళ్ల పదాలకీ దక్షిణ భారత పదాలకీ పోలిక చూపించాడు కాబట్టి ధైర్యంగా రాశాను. నాతో జవాబులు మార్చుకుని దిద్దే స్నేహితురాలు పక్కన ఒక్క ప్రశ్న రాసింది: "దూరపు బంధువుల్లో కూడా ఒకటేనా?"

నాకు తెలియలేదు. అమ్మమ్మకి ఫోన్ చేశాను.

"అమ్మమ్మా, నాన్నకి మేనమామ కొడుకు నాకు ఏమవుతాడు?"

"మీ నాన్నకి బావమరిది వరస కదే. నీకు మామే అవుతాడు."

"మరి ఆయన కొడుకు?"

"బావ. ఇంకేమవుతాడు?"

తేడా అంతా ఇక్కడే ఉంది. ఇరకోయ్ పద్ధతిలో నాన్నకి మేనమామ కొడుకైనా, చిన్నాన్న కొడుకైనా మగవాడు కాబట్టి నాకు తండ్రి వరసే. అతని పిల్లలు నాకు తోబుట్టువులు. మన పద్ధతిలో అతను మామ, అతని కొడుకు బావ. దగ్గరి బంధువుల్లో రెండూ ఒకేలా కనిపిస్తాయి, ఒక మెట్టు దూరం జరిగితే విడిపోతాయి. మన వరసలు మేనరికం తరతరాలుగా జరుగుతున్నట్టే లెక్క వేస్తాయి. అందుకే మేనత్తా, అత్తగారూ ఇద్దరూ అత్తే. మేనమామా, మామగారూ ఇద్దరూ మామే. పెళ్లి ఆ మాటల్లోనే ఉంది.

ఇది దొరికాక ఫ్రెంచ్ మానవశాస్త్రవేత్తలు లెవీ-స్ట్రాస్, డ్యూమోంల ఎలయన్స్ సిద్ధాంతం కూడా తేలికైంది. వాళ్లు చెప్పేది రెండు కుటుంబాల మధ్య పెళ్లి ద్వారా నిలబడి, తరువాతి తరానికీ అందే సంబంధం గురించి. మనకి దానికి "వియ్యం" అనే మాట ఉంది. నా జాబితాలో ఆ ఇంగ్లీషు మాటని కొట్టేసి వియ్యం అని రాశాను. 180 మాటల్లో నాకు అన్నిటికంటే నచ్చింది అదే.

ఒక జాగ్రత్త. అంతా మన ఇంటి నుంచే రాస్తే ఆంత్రోపాలజీ జవాబు అవ్వదు. బావమరదళ్ల సరసం, అత్తగారి ముందు అల్లుడి బిడియం ఉదాహరణలుగా బాగుంటాయి. అయితే బ్రిటిష్ మానవశాస్త్రవేత్త రాడ్‌క్లిఫ్-బ్రౌన్ వాటిని సమాజ నిర్మాణంలో ఎక్కడ పెట్టాడో చెప్పకపోతే అవి కబుర్లుగానే మిగిలిపోతాయి.

ఇప్పటికి: 250 గంటలు, 63 జవాబులు, 60 బొమ్మలు.

దశ 4 (వారాలు 11–14): శరీర మానవశాస్త్రం, జన్యువులు

నాది ఆర్ట్స్ చదువు. ఈ భాగాన్ని చివరికి నెట్టుదామనుకున్నాను. కార్డుల వెనక ప్రశ్నలు లెక్కపెట్టాక ఆ ఆలోచన మానుకున్నాను.

హార్డీ-వైన్‌బర్గ్ లెక్కలు (జనాభాలో ఒక జన్యువు ఎంత ఉందో తేల్చేవి) పది చేస్తే నాలుగే సరిగ్గా వచ్చాయి. ఆరింటికీ కారణం ఒక్కటే: ప్రశ్నలో ఇచ్చిన రోగుల నిష్పత్తిని క్యూ (జబ్బు జన్యువు నిష్పత్తి) అనుకున్నాను. అది క్యూ వర్గం. ఇప్పుడు లెక్క మొదలుపెట్టే ముందే "రోగులు = క్యూ వర్గం" అని ఒక గీత రాస్తాను. వందలో ఒకరికి అంతర్గత (రిసెసివ్) లక్షణపు జబ్బు ఉంటే క్యూ వర్గం 0.01, క్యూ 0.1, పీ (మామూలు జన్యువు నిష్పత్తి) 0.9. వాహకులు, అంటే జబ్బు లేకుండా ఆ జన్యువు మోసేవాళ్లు, 2 × 0.9 × 0.1 = 0.18. కనిపించే రోగి ఒక్కరు, కనిపించని వాహకులు 18 మంది. ఈ సంఖ్య అర్థమయ్యాక సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే వంశపారంపర్య జబ్బు) అధ్యాయం తెరుచుకుంది. వాహకులకి మలేరియా నుంచి కొంత రక్షణ ఉంటుందని ఆలిసన్ 1954లో చూపించాడు. 2047 లక్ష్యంగా 2023లో మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ ఆదివాసీ ప్రాంతాల్లో పరీక్షల మీద ఎందుకు పట్టుబడుతుందో ఆ 18తో చెప్పొచ్చు. మొదటి పేపరు జన్యుశాస్త్రాన్ని రెండో పేపరు గిరిజన ఆరోగ్యానికి కలిపే కార్డు ఇదొక్కటే నాకు మూడు ప్రశ్నలకి పనికొచ్చింది.

శిలాజాల్లో పాత నోట్సు ముంచింది. రామాపిథెకస్ అనే శిలాజ వానరం మనిషికి పూర్వీకుడు అని నా దగ్గరున్న ఒక పాత పుస్తకంలో ఉంది, అలాగే రాశాను. 1930లలో హరితల్యాంగర్ (హిమాచల్ ప్రదేశ్)లో దొరికిన దవడ ముక్కని బట్టి చేసిన వాదన అది. పాకిస్తాన్‌లోని పోట్వార్ పీఠభూమిలో దొరికిన శివాపిథెకస్ అనే ఇంకో శిలాజ వానరం ముఖభాగాన్ని 1982లో ప్రచురించాక ఆ వాదన నిలబడలేదు. ఆ ముఖం ఒరాంగుటాన్‌కి దగ్గర, రామాపిథెకస్‌ని శివాపిథెకస్‌లోనే కలిపేశారు. సిలబస్‌లో ఆ పేరు ఇప్పటికీ ఉంది కాబట్టి రాయాలి, కానీ ఒకప్పటి వాదనగా రాయాలి. సెకండ్‌హ్యాండ్ పుస్తకం కొంటే ముందు ఈ పేజీ తీసి చూడండి.

కపాల పరిమాణాలకి ఒక్క అంకె బట్టీ పట్టడం ఇంకో తప్పు. ఒక్కో పుస్తకంలో ఒక్కోటి ఉంటుంది, పరీక్షలో ఏది రాయాలో తెలియక చేయి ఆగిపోయింది. తొలి మానవ పూర్వీకుల్లో ఒకటైన ఆస్ట్రలోపిథెకస్ అఫరెన్సిస్ 400–500 ఘన సెంటీమీటర్ల చుట్టూ, నియాండర్తల్ సగటున మనకి సమానం లేదా కాస్త ఎక్కువ, ఇలా అవధులుగా, పోలికలుగా మార్చుకున్నాక ఆ తడబాటు పోయింది.

పుర్రె బొమ్మలు 55 వేశాను. అందంగా రావాల్సిన పని లేదు. కనుబొమల గట్టు, గడ్డం, నుదురు, ఈ మూడింటికీ బాణం గుర్తులు ఉంటే చాలు.

ఇప్పటికి: 340 గంటలు, 101 జవాబులు, 115 బొమ్మలు.

దశ 5 (వారాలు 15–19): రెండో పేపరు

ఇది భారతదేశం గురించిన పేపరు. ఇక్కడ తెలుగు నేల మనకి చేతినిండా ఉదాహరణలు ఇస్తుంది. కర్నూలు వైపు జ్వాలాపురంలో టోబా అగ్నిపర్వతం (ఇండోనేషియా) బూడిద పొర, సుమారు 74 వేల ఏళ్లనాటిది. బేతంచెర్ల దగ్గర బిల్లసర్గం గుహలు. ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ పరిశోధించిన చెంచులు, కొండరెడ్లు, రాజగోండులు. 1940లో జోడేఘాట్‌లో గోండుల తిరుగుబాటు నాయకుడు కుమురం భీం చనిపోయాక నిజాం ప్రభుత్వం హైమెండార్ఫ్‌ని గోండుల పరిస్థితి చూడమంది. అంటే ఆంత్రోపాలజీ ఇక్కడ పాలనలోకి వచ్చింది ఒక తిరుగుబాటు వెనకాలే. అనువర్తిత మానవశాస్త్రం (అప్లైడ్, అంటే పాలనలాంటి పనులకి వాడేది) అడిగితే ఇంతకంటే దగ్గరి ఉదాహరణ నాకు దొరకలేదు.

పటం పనిలో ఒక పొరపాటు. నవీన శిలాయుగపు బూడిద దిబ్బ ఉన్న ఉట్నూరుని ఆదిలాబాద్‌లో గుర్తుపెట్టాను. పేరు చూడగానే గోండుల ఉట్నూరే మనసులో మెదిలింది. పురావస్తు శాస్త్రవేత్త ఆల్చిన్ తవ్విన ఉట్నూరు పాత మహబూబ్‌నగర్ జిల్లాలోది, కృష్ణా-తుంగభద్రల వైపు. మూడు వారాలు తప్పు పటమే గీస్తూ వచ్చాను. ఇప్పుడు ప్రతి స్థలం పక్కన నది పేరు కూడా రాస్తాను. నది తప్పితే స్థలం తప్పిందని వెంటనే తెలుస్తుంది.

చట్టాల్లో పోయిన మార్కులు:

1. పెసా చట్టం (షెడ్యూల్డ్ ప్రాంతాలకి పంచాయతీల విస్తరణ, 1996) ఆదివాసీలందరికీ వర్తిస్తుందని రాశాను. అది అయిదో షెడ్యూలు ప్రాంతాలకే.
2. అటవీ హక్కుల చట్టం (2006) కటాఫ్ తేదీ 13 డిసెంబరు 2005. ఇతర సంప్రదాయ అటవీ నివాసులైతే దానికి ముందు మూడు తరాలు, అంటే 75 ఏళ్లు, అక్కడ ఉండాలి. ఈ రెండో నిబంధన వదిలేశాను, విమర్శంతా దాని మీదే ఉంటుంది.
3. 1997 సమతా తీర్పుని (సుప్రీంకోర్టు), 1/70 చట్టాన్ని (షెడ్యూల్డ్ ప్రాంతాల భూ బదలాయింపు నియంత్రణ) విడివిడిగా రాశాను. ఆ చట్టం లేకుండా ఆ తీర్పు లేదు. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనేతరులకి వెళ్లకూడదన్న నియమం ప్రభుత్వం ఇచ్చే గనుల లీజుకీ వర్తిస్తుందని కోర్టు చెప్పడమే సమతా.

శామీర్‌పేట వెళ్లడానికి ఒక రోజు పెట్టాను. మానవశాస్త్రవేత్త ఎస్.సి. దూబే 1955లో ప్రచురించిన గ్రామ అధ్యయనం అక్కడిదే. ఇప్పుడది హైదరాబాద్ శివారు. గంటల లెక్కలో దండగే, కానీ భారతీయ గ్రామం ఎప్పుడూ ఒంటరి ద్వీపం కాదన్న వాక్యాన్ని ఆ రోజు నుంచి తడుముకోకుండా రాస్తున్నాను.

ఇప్పటికి: 450 గంటలు, 161 జవాబులు.

దశ 6 (వారాలు 20–22): పూర్తి పరీక్షలు

మొదటి పరీక్ష: 19లో 14 జవాబులు. ప్రశ్నలు వరసగా 1, 2, 3, 5, 6 అని రాశాను. మొదటిదానికి 49 నిమిషాలు, రెండోదానికి 47, మూడోదానికి 44. మొత్తం 140. మిగిలిన 40 నిమిషాల్లో ఐదో ప్రశ్నలో మూడు బిట్లు, ఆరోది అసలు తాకలేదు. 70 మార్కుల కాగితం ఖాళీగా ఇచ్చాను.

మార్పు: తప్పనిసరి ప్రశ్నలు రెండూ ముందు. ఏడు నిమిషాలకి టైమర్ మోగితే వాక్యం మధ్యలో ఉన్నా ఆపి తరువాతి బిట్. చాలా కష్టంగా అనిపించింది, పని చేసింది. రెండో పరీక్షలో 17, రెండు పదిహేను మార్కులవి మిగిలాయి. మూడోదాంట్లో 19కి 19.

మూడో పరీక్ష కాగితాలు ఒక మాస్టారికి చూపించాను. ఆయన మొదటి పేజీ మీద రాసింది ఇది: "మాలినోవ్‌స్కీ పేరు నాలుగుసార్లు వచ్చింది. కులా ఒక్కసారీ రాలేదు." నిజమే. మాలినోవ్‌స్కీ పరిశోధించిన కానుకల మార్పిడే కులా. వేగం కోసం సిద్ధాంతకర్తల పేర్లు మిగుల్చుకుని, వాళ్లు పరిశోధించిన మనుషుల్ని తీసేశాను. ట్రోబ్రియాండ్ ద్వీపాల్లో (న్యూ గినీ దగ్గర) కులాలో హారాలు ఒక దిక్కున, చేతి కడియాలు ఎదురు దిక్కున తిరుగుతాయని ఒక్క వాక్యం, రెండు బాణాల బొమ్మ ఉంటే ఆ జవాబుకి ప్రాణం వచ్చేది. దానికి పట్టేది 40 సెకన్లు, కొలిచాను.

అందుకే ఇప్పుడు ప్రతి జవాబులోనూ ఒక తెగ లేదా ఒక ఊరు ఉండాలన్నది నియమం. నలభై కార్డులు రాస్తున్నాను. ఒక్కో కార్డు మీద ప్రజల పేరు, చోటు, పరిశోధకుడు, ఒక ఆచారం, అది సరిపోయే మూడు ప్రశ్నలు. నూయర్ల (సూడాన్ వైపు పశుపాలకులు) పశువులు, వంశ విభాగాలు రాజకీయ వ్యవస్థకి. మేఘాలయ ఖాసీల చిన్న కూతురు వారసత్వానికి. రాజగోండుల నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవుళ్ల సగలు (వంశ సమూహాలు) బహిర్వివాహ సమూహాలకి. కొలాంలు, తోటీలు, చెంచులు పీవీటీజీ (ప్రత్యేకంగా బలహీనమైన గిరిజన సమూహాలు) ప్రశ్నలకి. దేశం మొత్తం మీద అలాంటి సమూహాలు 75. ఇప్పటికి 27 కార్డులు అయ్యాయి.

ఇప్పటికి: 520 గంటలు, 211 జవాబులు, 3 పూర్తి పరీక్షలు, 27 కార్డులు. పది మార్కుల జవాబుకి సగటున 7 నిమిషాల 10 సెకన్లు.

ఇంకా పరీక్షించనిది ఒకటుంది. అసలు పరీక్షలో రెండు పేపర్లూ ఒకే రోజు. మూడో పరీక్ష చివరి అరగంటలో నా బొటనవేలు తిమ్మిరెక్కింది, అక్షరాలు పెద్దవై వంకర పోయాయి. మధ్యాహ్నం ఇంకో మూడు గంటలు ఆ చేయి ఏం చేస్తుందో చూడాలి. ఈ ఆదివారం ఉదయం మొదటి పేపరు, మధ్యాహ్నం రెండోది, కాస్త లావు పట్టు ఉన్న పెన్నుతో. ఈలోపు మిగిలిన 13 కార్డులు. రేపు నీలగిరి తోడాల కార్డు.